జనానికి బుర్ర లేదని గ్రాంషీ చెప్పలేదు: రాజకీయ పాఠాలు రాసేవాళ్లకు, చెప్పేవాళ్లకు బహిరంగ లేఖ

రాజకీయ శాస్త్రం పుస్తకాలు రాసే పెద్దలకు, ఆ పాఠం చెప్పే అధ్యాపకులకు, పార్టీల్లో శిక్షణా తరగతులు నడిపేవాళ్లకు,

నమస్కారం.

ఇది నా మొదటి ఉత్తరం కాదు. మా క్లాసులో వాడే పుస్తకం ఇటలీ కమ్యూనిస్టు ఆలోచనాపరుడు గ్రాంషీ మాటను తప్పుగా చెబుతోందని, దాన్ని వేసిన సంస్థకు రెండేళ్లలో మూడుసార్లు రాశాను. మొదటిసారి "అందింది" అని ఒక్క ముక్క వచ్చింది, తర్వాత అదీ లేదు. అందుకే ఇప్పుడు అందరూ చూసేలా రాస్తున్నాను. ఆ సంస్థ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు ఒక్క పుస్తకంలోనే ఉంటే ఇంత దూరం వచ్చేదాన్ని కాదు. అదే తప్పు టీవీ చర్చల్లో వింటున్నాను, ఎడమపక్క (వామపక్ష) వాళ్ల నోటా వింటున్నాను, కుడిపక్క వాళ్ల నోటా వింటున్నాను.

పగలంతా పని చేసుకుని వచ్చే పెద్దవాళ్లకు నేను సాయంత్రాలు రాజకీయ సిద్ధాంతాలు చెబుతాను. ఒకరోజు పాఠం గ్రాంషీ చెప్పిన "సాంస్కృతిక ఆధిపత్యం". పుస్తకంలో ఉన్నదాని సారం ఇది: పైనున్నవాళ్లు బడి, మతం, పత్రికల ద్వారా కిందున్నవాళ్ల బుర్రల్లో తమకు కావాల్సిన ఆలోచనలు ఎక్కిస్తారు, కిందున్నవాళ్లు అవి తమ ఆలోచనలే అనుకుని లొంగి బతుకుతారు. నేను చదివి వినిపించడం అయ్యాక, నైట్ షిఫ్టుల్లో పనిచేసే ఒకాయన లేచి "అంటే మేడం, మాకు బుర్ర లేదని ఎవరో పెద్దాయన థియరీ రాశాడా?" అని అడిగాడు. కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు. నాకు సరైన జవాబు తట్టలేదు, నేను నేర్చుకున్నదీ అలాంటి పుస్తకాల్లోంచే కదా. తర్వాతి వారం ఆయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

అప్పుడు కూర్చుని గ్రాంషీ అసలు రాతలు చదివాను, ఇంగ్లిషులో దొరికినంతవరకు. చదివేకొద్దీ నాకు సిగ్గేసింది, ఆ తర్వాత మీమీద కోపం వచ్చింది.

ఆంటోనియో గ్రాంషీ 1891లో ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలో పుట్టాడు. చిన్నప్పుడే వెన్నెముక జబ్బుతో గూని వచ్చింది. తండ్రి జైలు పాలవడంతో పదకొండేళ్ల వయసులో చదువు మానేసి ఒక ఆఫీసులో తనకంటే బరువైన రిజిస్టర్లు మోశాడు. తర్వాత స్కాలర్‌షిప్ మీద టూరిన్ చేరి అక్కడి ఫియట్ కార్మికుల మధ్య తిరిగాడు, 1919లో వాళ్లకోసం స్నేహితులతో కలిసి ఒక పత్రిక పెట్టాడు. 1920 సెప్టెంబర్‌లో కార్మికులు ఫ్యాక్టరీలను స్వాధీనం చేసుకుని స్వయంగా నడపడం కళ్లారా చూశాడు. రెండేళ్లు తిరిగేసరికి ఫాసిస్టు నేత ముస్సోలినీ అధికారంలోకి రావడమూ చూశాడు. 1926 నవంబర్ 8న, పార్లమెంటు సభ్యుడై ఉండగానే, ఆయన్ని ముస్సోలినీ ప్రభుత్వం అరెస్టు చేసింది. 1928లో 20 ఏళ్ల 4 నెలల 5 రోజుల శిక్ష వేశారు. 1929 ఫిబ్రవరిలో జైల్లో రాయడం మొదలుపెట్టి, ఆరోగ్యం పూర్తిగా పాడయ్యేదాకా, అంటే 1935 వరకు, 33 నోట్‌బుక్కులు నింపాడు, దాదాపు 3000 పేజీలు. 1937 ఏప్రిల్ 27న, 46 ఏళ్లకే చనిపోయాడు. భార్య అక్క తాతియానా ఆ నోట్‌బుక్కులు కాపాడబట్టి అవి మనదాకా వచ్చాయి.

పదకొండేళ్లకే బరువులు మోసిన మనిషి, బరువులు మోసేవాళ్లకు బుర్ర లేదని రాస్తాడా అని నాకు పుస్తకం చదివేటప్పుడే అనుమానం రావాల్సింది.

ఆయన్ని జైల్లో వేధించిన ప్రశ్న ఒక్కటే. 1917లో రష్యాలో వచ్చిన విప్లవం పశ్చిమ ఐరోపాలో ఎందుకు రాలేదు? ఆయనకు దొరికిన జవాబు ఇది. రష్యాలో అంతా రాజ్యమే (అంటే ప్రభుత్వం, సైన్యం, పోలీసులు), అది కూలితే వెనక పెద్దగా అడ్డం ఏమీ లేదు. పశ్చిమంలో రాజ్యం ముందు వరస కందకం మాత్రమే, దాని వెనక బడులు, చర్చిలు, పత్రికలు, సంఘాలు, క్లబ్బులు కోటల్లా నిలబడి ఉన్నాయి. ముందు కందకం పడిపోయినా వెనకవి చెక్కుచెదరవు. ఎందుకంటే వాటిని నిలబెట్టేది పోలీసులు ఒక్కరే కాదు, వాటిలో రోజూ తిరిగే మనుషుల ఒప్పుకోలు కూడా.

మరి ఆ ఒప్పుకోలు ఎలా వస్తుంది? మీ పుస్తకాలు సరిగ్గా ఇక్కడే గాడి తప్పుతున్నాయి. నాయకత్వం చేయాలనుకునే వర్గం మిగతావాళ్ల అవసరాలను, ఇష్టాలను లెక్కలోకి తీసుకోవాలి, తన లాభంలో కొంత వదులుకుని ఒక రాజీకి రావాలి అని ఆయన చాలా స్పష్టంగా రాశాడు. తన ఆయువుపట్టు లాంటి ప్రయోజనాన్ని మాత్రం ఆ వర్గం వదులుకోదని కూడా రాశాడు. అంటే ఒప్పుకోలు వెనక ఒక బేరం ఉంది. సమానుల మధ్య బేరం కాదు, నిజమే. కానీ బేరం ఆడేవాడికి బుర్ర ఉంటుంది.

ఆయన స్వయంగా తీసుకున్న ఉదాహరణే చూడండి. 1914 జనవరిలో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ రోజు కూలిని 5 డాలర్లకు పెంచింది, పని గంటలు 9 నుంచి 8కి తగ్గించింది. అసెంబ్లీ లైన్ మీద పని భరించలేక అప్పటికి మనుషులు గుంపులు గుంపులుగా మానేస్తున్నారు, వాళ్లను నిలుపుకోవాలి. ఆ 5 డాలర్లకు షరతులున్నాయి. కంపెనీ మనుషులు ఇళ్లకొచ్చి తాగుతున్నారా, డబ్బు దాచుకుంటున్నారా, ఇల్లు శుభ్రంగా ఉందా అని చూసేవాళ్లు. గ్రాంషీ దీని గురించి ఒక నోట్‌బుక్కు మొత్తం రాశాడు, అక్కడ ఈ హెజిమనీ (మన పుస్తకాలు ఆధిపత్యం అనేది ఈ మాటనే) పుట్టేది ఫ్యాక్టరీలోనే అన్నాడు. ఇందులో డబ్బుంది, నిఘా ఉంది, నీతిబోధ ఉంది, అంతకంటే మెరుగైన పని వేరే చోట దొరకదని కార్మికుడు వేసుకున్న లెక్క ఉంది. దీన్నంతా "మెదళ్లలో ఆలోచనలు నింపడం" అని ఒక్క వాక్యంలో ఎలా సరిపెట్టారు?

పదాల దగ్గరా ఇదే చిక్కు. హెజిమనీకి మనం ఆధిపత్యం అంటున్నాం. తెలుగులో ఆ మాట వినగానే పెత్తనం, నెత్తిన కూర్చోవడం గుర్తొస్తాయి. గ్రాంషీ మాత్రం పెత్తనాన్ని, నాయకత్వాన్ని విడదీసి చూశాడు. ఒక వర్గం శత్రువుల మీద పెత్తనం చేస్తుంది, కలిసొచ్చేవాళ్లకు నాయకత్వం వహిస్తుంది, అధికారంలోకి రాకముందే నాయకత్వం సంపాదించగలదు, సంపాదించాలి కూడా అన్నాడు. ఆయనకంటే ముందు రష్యా సోషలిస్టులు ఈ మాటను వాడిందీ కార్మికులు రైతులను కలుపుకుని ముందు నడవడం అనే అర్థంలోనే. ఇక ఆయన 'సెన్సో కొమూనె' (ఇంగ్లిషులో కామన్ సెన్స్) అన్నదానికి మనవాళ్లు ఇంగితజ్ఞానం అని రాస్తున్నారు. ఇంగితం అంటే మనకు మంచి గుణం. ఆయన చెప్పింది నలుగురూ అనుకునేది, తాతల నాటి నమ్మకాలు, నిన్నటి పేపరు మాట, సొంత అనుభవం అన్నీ కలగలిసిన మూట. ఆ మూటలోనే మంచి వివేకం కూడా ఉంటుంది, దాన్ని ఏరి పట్టుకుని పెంచాలి అన్నది ఆయన పాఠం. మనిషి చేతల్లో ఒక ఆలోచన ఉంటుంది, నోటిమాటలో వారసత్వంగా వచ్చిన ఇంకొకటి ఉంటుంది, రెండూ ఢీకొన్నప్పుడు మనిషి ఎటూ కదలలేక నిలబడిపోతాడు అని కూడా రాశాడు. నా మటుకు నాకు అన్నిటికంటే నిజమనిపించిన పేజీ అదే. అది బుర్ర లేకపోవడం కాదు, రెండు ఆలోచనల మధ్య నలగడం.

ఈ పాఠం తప్పుగా చెబితే ఏమవుతుందిలే, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నే కదా అంటారేమో. మామూలు మనుషులకు ఏమవుతోందో వరసగా చెబుతాను.

1. ఓడిపోయిన ప్రతి పార్టీకీ ఈ పాఠం ఒక సాకుగా దొరుకుతోంది. జనం మోసపోయారు, మీడియా మాయలో పడ్డారు, వాళ్లకు తమ మంచి తెలియదు, అంతే. ఓటరు దగ్గరకెళ్లి "అవతలివాడు నీకు ఏమిచ్చాడు, మేం ఏమివ్వలేకపోయాం" అని అడిగే పని తప్పిపోతుంది. బ్రిటన్‌లో ఎడమపక్క మేధావి స్టువర్ట్ హాల్ ఆ పని తప్పించుకోలేదు. 1979 జనవరిలో, కుడిపక్క నేత మార్గరెట్ థాచర్ ఎన్నికల్లో ఇంకా గెలవకముందే, గ్రాంషీని పట్టుకుని ఆయన చెప్పిందేమిటంటే, ఆమె మాటలు జనానికి పడుతున్నాయంటే అవి వాళ్ల నిజమైన చిరాకులను తాకుతున్నాయి, ప్రభుత్వ ఆఫీసుల నిర్లక్ష్యంతో విసిగినవాళ్లకు ఆ భాష తమ భాషలా వినిపిస్తోంది అని. తర్వాత థాచర్ ప్రభుత్వం 1980 గృహ చట్టం తెచ్చింది. మూడేళ్లుగా కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ) ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఆ ఇంటిని ధరలో 33 శాతం తగ్గింపుతో కొనుక్కునే వీలు అప్పుడు దొరికింది, ఎక్కువ కాలం ఉన్నవాళ్లకు తగ్గింపు 50 శాతం దాకా పెరిగేది. ఆ ఇల్లు కొనుక్కున్న కుటుంబానికి బుర్ర పనిచేయలేదని ఎవరనగలరు? లెక్క వేసుకున్నారు, కొనుక్కున్నారు. ఆ విధానం వల్ల తర్వాతి తరానికి అద్దె ఇళ్లు కరువయ్యాయి, నేను దాన్ని సమర్థించడం లేదు. కానీ ఆ కుటుంబాన్ని అమాయకులు అంటే వాళ్లు మళ్లీ మీ మాట వినరు. ఓడినవాళ్లు నేర్చుకోకపోతే నష్టపోయేది నాయకులు కాదు, అద్దె కట్టలేనివాళ్లు.

2. కుడిపక్క నుంచి ఇదే పాఠం ఇంకో రూపంలో వస్తోంది, అదీ మామూలు మనుషుల మెడకే చుట్టుకుంటోంది. బడులు, పత్రికలు, కళలను లోపలినుంచి ఆక్రమించాలని గ్రాంషీ కుట్ర పన్నాడట, ఇవాళ్టి ప్రతి టీచరూ, ప్రతి రచయితా ఆ కుట్రలో భాగమట. దానికి రుజువుగా చూపించే "సంస్థల గుండా సుదీర్ఘ యాత్ర" అనే మాట అసలు గ్రాంషీది కాదు, 1960ల చివర్లో జర్మన్ విద్యార్థి నాయకుడు రూడీ డుచ్కే అన్నది. నోట్‌బుక్కులు అచ్చయింది 1948 నుంచి 1951 మధ్య, అదీ ఇటాలియన్‌లో. జైలు గదిలో రాసుకున్న ముక్కలను ప్రపంచ కుట్రకు ప్లానుగా చూపించడం అన్యాయం. ఇంకో సంగతి, మీ పుస్తకాల్లో చాలావరకు కనిపించనిది: కుడిపక్కవాళ్లు కూడా గ్రాంషీ దగ్గర పాఠం నేర్చుకున్నారు. ఫ్రాన్స్‌లో 1968లో మొదలైన గ్రేస్ అనే బృందంలోని అలాన్ ద బెన్వా లాంటివాళ్లు, ముందు సంస్కృతిలో గెలవాలి, ఓట్లు తర్వాత వస్తాయి అంటూ 'కుడిపక్క గ్రాంషీయిజం' అనే మాటనే తెచ్చారు. 2007 అధ్యక్ష ఎన్నికలకు ముందు అక్కడి కుడిపక్క అభ్యర్థి నికోలా సర్కోజీ ఒక పత్రికతో మాట్లాడుతూ, అధికారం ఆలోచనలతోనే గెలుస్తారన్న గ్రాంషీ విశ్లేషణను తాను సొంతం చేసుకున్నానని చెప్పాడు. ఇది తప్పని నేననను, ఆలోచన ఎవరైనా వాడుకోవచ్చు. కానీ ఇది పిల్లలకు చెప్పకపోతే, ఒక కవిత చదివించిన టీచరమ్మను కుట్రదారు అన్నప్పుడు వాళ్లు నమ్మేస్తారు. ఆ టీచరమ్మకు ఉద్యోగం టెన్షన్, పిల్లలకు పాఠం నష్టం.

3. చదువుకోవాలని వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోతున్నారు. మా క్లాసు మానేసినాయన సంగతి చెప్పాను. మనుషులందరూ మేధావులే, కాకపోతే సమాజంలో అందరికీ మేధావి పని దక్కదు అని గ్రాంషీ రాసుకున్నాడు. ఒక వర్గం తన పనిలోంచి, తన బతుకులోంచి తయారుచేసుకునే ఆలోచనాపరుల గురించి ఎన్నో పేజీలు రాశాడు. దాన్ని మనం "సేంద్రియ మేధావి" అని మక్కీకి మక్కీ దించేశాం. ఆ మాట చదివితే ఎరువు గుర్తొస్తుంది తప్ప, యూనియన్ మీటింగులో లెక్కలు విప్పి చెప్పే తోటి కార్మికుడు గుర్తుకు రాడు. తమ గురించి రాసిన పాఠం తమకే అర్థం కాని భాషలో ఉండటం కంటే పెద్ద అవమానం ఏముంటుంది?

4. నిజంగా బలప్రయోగం కింద బతికేవాళ్ల బాధ ఈ పాఠంలో కనిపించకుండా పోతోంది. ప్రతి అణచివేతకూ ఒప్పుకోలు ఉందనేస్తే లాఠీ ఎటుపోయింది? చరిత్రకారుడు రణజిత్ గుహ 1997లో వలస భారతదేశం గురించి చెప్పింది ఇదే. బ్రిటిష్ పాలనలో పెత్తనం ఉంది, హెజిమనీ లేదు, ఒప్పించడం కంటే బలవంతమే ఎక్కువ అని. అమెరికా పరిశోధకుడు జేమ్స్ స్కాట్ మలేషియాలో ఒక పల్లెలో రెండేళ్లున్నాడు. అక్కడి పేద రైతుకూలీలు ధనికుల ఎదుట తలూపుతూనే చాటున తిట్టుకోవడం, పని నెమ్మదిగా లాగడం, చిన్న చిన్న దొంగతనాలతో ఎదురు నిలవడం చూసి, 1985లో రాశాడు: వీళ్లు ఒప్పుకున్నారని ఎవరు చెప్పారు, భయపడి ఊరుకున్నారంతే అని. ఇది గ్రాంషీకి గట్టి అభ్యంతరం. అంతకుముందే 1976లో బ్రిటిష్ చరిత్రకారుడు పెరీ ఆండర్సన్, నోట్‌బుక్కుల్లో హెజిమనీ అన్న మాట ఒక్కో చోట ఒక్కోలా జారుతోందని, ఒకచోట పౌర సమాజానిది (బడులు, చర్చిలు, సంఘాలది), మరోచోట రాజ్యానిది, ఇంకోచోట రెండింటిదీ అవుతోందని చూపించాడు. జైల్లో, జబ్బుతో, ముక్కలు ముక్కలుగా రాసినదానిలో ఇది ఉంటుంది. ఈ అభ్యంతరాలను దాచడం వల్ల గ్రాంషీకి గౌరవం పెరగదు, విద్యార్థికి ప్రశ్నించే దారి మూసుకుపోతుంది.

5. మాటలు మారిస్తే చాలు, గెలిచేస్తామనే భ్రమ. ఎర్నెస్టో లాక్లావ్, షాంటాల్ మౌఫ్ అనే ఇద్దరు సిద్ధాంతకర్తలు 1985లో హెజిమనీని వర్గం నుంచి విడదీసి, వేర్వేరు డిమాండ్లను ఒక తాటి మీదకు తెచ్చే రాజకీయంగా చెప్పారు. దాన్ని చదువుకున్న కుర్రాళ్లు స్పెయిన్‌లో 2014లో పొదేమోస్ పార్టీ పెట్టి నాలుగు నెలల్లోనే ఐరోపా పార్లమెంటులో 5 సీట్లు, 2015 డిసెంబర్‌లో మిత్రులతో కలిపి దేశ పార్లమెంటులో 69 సీట్లు గెలిచారు. 2019 నవంబర్‌కి కూటమితో కలిపినా 35. కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ సిద్ధాంతం మీద తోయను. కానీ కందకాల వెనక కోటలు కట్టుకోవడానికి ఏళ్లు పడుతుందని గ్రాంషీ అంత ఓపికగా చెప్పింది వదిలేసి, నినాదం మెళకువ ఒక్కటే తీసుకున్నవాళ్లను నేను చాలామందిని చూస్తున్నాను. వాళ్లను నమ్మి తమ ఆశ పెట్టినవాళ్లు ఆ తర్వాత ఇక ఎవర్నీ నమ్మరు.

ఇక మేం అడిగేవి. "మేం" అంటున్నాను, ఎందుకంటే ఈ లేఖ క్లాసులో చదివి, అందరూ సరే అన్నాకే పంపుతున్నాను.

మొదటిది, వచ్చే ముద్రణలో ఆ నిర్వచనం మార్చండి. ఒప్పుకోలు, బలం రెండూ ఉండాలి, ఒప్పుకోలు వెనక రాజీ ఉంటుందన్న మాట కచ్చితంగా ఉండాలి. ఫోర్డ్ ఉదాహరణ ఒక పేరా ఇవ్వండి, పదోతరగతి పిల్లలకైనా అర్థమవుతుంది.

రెండోది, ఆధిపత్యం అన్న మాట వాడితే వాడండి, మేం మానమనడం లేదు, పక్కనే హెజిమనీ అని తెలుగులో రాసి రెండింటికీ తేడా మూడు వాక్యాల్లో చెప్పండి. ఇంగితజ్ఞానం తీసేసి "లోకంలో చెల్లుబాటయ్యే ఆలోచన" లాంటిదేదైనా పెట్టండి. ఇంతకంటే మంచి మాట తడితే ఇంకా సంతోషం.

మూడోది, ఆయనవి కాని మాటలు ఆయన పేరు మీద వేయకండి. పాతది చనిపోతోంది, కొత్తది పుట్టలేకపోతోంది, ఈ రెంటి నడుమ కాలం రాక్షసుల కాలం అని పోస్టర్ల మీద వేస్తుంటారు. నోట్‌బుక్కులో రాక్షసులు లేరు, రకరకాల జబ్బు లక్షణాలు బయటపడతాయని ఉంది. రాక్షసుడైతే చంపాలనిపిస్తుంది, జబ్బైతే కారణం వెతకాలనిపిస్తుంది, అందుకే ఇది చిన్న తేడా అని నేననుకోవడం లేదు.

నాలుగోది, అభ్యంతరాలకు ఒక పేజీ, కుడిపక్కవాళ్లు దీన్నెలా వాడుకున్నారన్నదానికి ఒక పేజీ. ఏ పార్టీకీ కొమ్ముకాయొద్దు.

ఐదోది శిక్షణా తరగతులు నడిపేవాళ్లకు. "జనం మోసపోయారు" అనే వాక్యంతో ఏ క్లాసూ మొదలుపెట్టకండి. అవతలిపక్కకు ఓటేసిన ఒక మనిషిని పిలిచి గంటసేపు మాట్లాడనివ్వండి, మీరు మధ్యలో అడ్డుపడకండి. గ్రాంషీ చెప్పిన ఆ వివేకం ఎక్కడుందో అప్పుడు వినపడుతుంది.

ఆ నైట్ షిఫ్టు ఆయనకు నేను ఫోన్ చేశాను. మీ ప్రశ్నకు జవాబు దొరికింది, ఆలస్యమైంది, క్షమించండి అన్నాను. వచ్చే నెల షిఫ్టు మారుతుంది, అప్పుడు వస్తానన్నాడు. ఆ రోజు అదే పాఠం మళ్లీ చెబుతాను, మీ పుస్తకంలోని ఆ పేజీ మూసేసి. ఈలోపు మీ దగ్గర్నుంచి జవాబు వస్తే, అది ఏ జవాబైనా సరే, క్లాసులో అందరి ముందూ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
సాయంత్రం క్లాసుల్లో పాఠం చెప్పే ఒక టీచర్